బ్లాక్ ఫేసింగ్ చేయించాక పాత సైజు హెడ్ ప్యాకింగే వేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీది 1.9 టీడీఐ డీజిల్ ఇంజిన్ ఉన్న పాత స్కోడా ఆక్టేవియా, హీటెక్కి హెడ్ ప్యాకింగ్ (సిలిండర్లుండే బ్లాక్‌కీ, పైన మూతలా ఉండే హెడ్‌కీ మధ్య వేసే గ్యాస్కెట్) పోయింది, బ్లాక్‌ని ఫేసింగ్‌కి (పై ముఖాన్ని కోసి చదును చేయడానికి) ఇస్తున్నారు. ప్యాకింగ్ మందం ఎంతో దాని అంచున ఉండే రంధ్రాలే చెబుతాయి, రంధ్రాలు ఎక్కువైతే మందం ఎక్కువ. పాత ప్యాకింగ్ అంచున ఒక రంధ్రం ఉంది కాబట్టి కొత్తది కూడా ఒక రంధ్రం ఉన్నదే తెచ్చేయమని మెకానిక్ అంటున్నాడు. తెచ్చేయొచ్చా, పిస్టన్ బ్లాక్ అంచు దాటి ఎంత పైకి వస్తుందో కొలవాలా?

కొలవాలి. ఇందులో రెండో మాటే లేదు. మాది విజయవాడలో ఇంజిన్ పని. నాన్న మొదలుపెట్టారు, ఇరవై ఏళ్లుగా నేనూ అందులోనే ఉన్నాను. సరిగ్గా మీ ఇంజినే, మీ మెకానిక్ చెప్పిన పనే చేయించుకుని మా దగ్గరికి వచ్చిన బండి ఒకటుంది, దాని సంగతి చెబుతాను.

గుడివాడ వైపు రైస్ మిల్లు నడిపే ఒకాయన బండి అది. వేరే చోట ఇంజిన్ పని చేయించి రెండు నెలలు కూడా కాలేదు. మామూలుగా పోతే ఏమీ ఉండదు, హైవే ఎక్కి కాస్త గట్టిగా తొక్కితే మాత్రం లోపల ఇనుము మీద చిన్న సుత్తితో కొట్టినట్టు టిక్‌టిక్‌మని శబ్దం. చేసినవాళ్లని అడిగితే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ శబ్దం అన్నారట. నాలుగు ఇంజెక్టర్ నాజిల్స్ మార్చారు, డబ్బు తీసుకున్నారు, శబ్దం అలాగే ఉంది. "మేస్త్రి గారూ, ఇక దీన్ని అమ్మేస్తానండీ" అని ఆయన నాన్నతో అన్నారు. నాన్న శబ్దం ఒక్క నిమిషం విన్నారు. "ఒరేయ్, హెడ్ దించు, ముందు పిస్టన్లు చూడు" అన్నారు, అంతే.

దించితే నాలుగు పిస్టన్ల నెత్తి మీదా మసి ఉండాల్సిన చోట ఒక పక్క నెలవంకలా తళతళలాడుతోంది. హెడ్ మీద కూడా దానికి ఎదురుగా అదే గుర్తు. అంటే పిస్టన్ పైకొచ్చి హెడ్‌ని ముద్దాడుతోంది. ఈ ఇంజిన్లో పిస్టన్ బ్లాక్ అంచు దాటి దాదాపు ఒక మిల్లీమీటరు పైకి వస్తుంది, పైన హెడ్‌కీ దానికీ మధ్య మిగిలేది సుమారు అర మిల్లీమీటరే. కనెక్టింగ్ రాడ్ సాగడం, బేరింగ్ గ్యాప్, పిస్టన్ కాస్త పక్కకి ఊగడం, పైన పేరుకునే మసి, అన్నీ ఆ అర మిల్లీమీటరులోనే సర్దుకోవాలి.

మసి గీకి, బ్లాక్ ముఖం శుభ్రంగా తుడిచి, డయల్ గేజ్ (సన్న తేడాలని ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టాం. బ్లాక్ మీద సున్నా చేసుకుని, క్రాంక్‌ని (పిస్టన్లని ఆడించే ఇరుసుని) ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతూ పిస్టన్‌ని పైకి తెచ్చి, ముల్లు ఎక్కడ ఆగి వెనక్కి మళ్లుతుందో అక్కడ రీడింగ్. పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్ను ఏ వరసలో ఉందో ఆ వరస మీదే రెండు చివర్లా కొలవాలి, ఎందుకంటే అటూ ఇటూ ఐతే పిస్టన్ ఊగి అబద్ధం చెబుతుంది. 1.14, 1.17, 1.15, 1.13 మిల్లీమీటర్లు వచ్చాయి. నాలుగింట్లో ఎక్కువ ఏదో అదే లెక్క, సగటు కాదు. ఇది చాలామందికి చెప్పినా తలకెక్కదు, మూడు పిస్టన్లు బాగుండి నాలుగోది తగిలితే మాత్రం ఇంజిన్ బతుకుతుందా?

కంపెనీ లెక్క ఇలా ఉంటుంది: 0.91 నుంచి 1.00 వరకు వస్తే ఒక రంధ్రం ప్యాకింగ్, 1.01 నుంచి 1.10 వరకు రెండు, 1.11 నుంచి 1.20 వరకు మూడు. ఈ బండికి మూడు రంధ్రాలది పడాలి. వేసింది ఒక రంధ్రానిది! కంపెనీ నుంచి వచ్చినప్పుడు దానికి ఒక రంధ్రమే సరిపోయి ఉంటుంది, కానీ బ్లాక్ మీద దాదాపు 0.2 మిల్లీమీటరు కోసేశాక పిస్టన్ అంత మేరా పైకి వచ్చినట్టే కదా. 79.5 మిల్లీమీటర్ల బోరుకి (సిలిండర్ వ్యాసం) 0.2 అంటే సిలిండర్‌కి సుమారు ఒక సీసీ. 19.5 ఉండాల్సిన కంప్రెషన్ రేషియో (లోపలి గాలి ఎన్నో వంతుకి నలుగుతుందనే లెక్క) 20 దాటిపోతుంది. వాల్వులూ పిస్టన్‌కి అంత దగ్గరవుతాయి.

నాకు అసలు కోపం ఇక్కడ. ఆయన దగ్గర ఫేసింగ్ బిల్లు ఉంది. "బ్లాక్ ఫేసింగ్" అనే మాట, పక్కన డబ్బు, అంతే. ఎంత కోశారో లేదు. కోసినవాడికి తెలుసు, మెషీన్ మీద అంకె చూసే కోస్తాడు, దాన్ని కాగితం మీద రాయడానికి పది సెకన్లు పట్టదు. ఆ ఒక్క అంకె ఉంటే ప్యాకింగ్ వేసినవాడు ఆలోచించేవాడు, నాలుగు నాజిల్స్ డబ్బు మిగిలేది. బోరు సైజు రాస్తారు, క్రాంక్‌ని ఎంత సన్నగా గ్రైండ్ చేశారో (అండర్‌సైజు) రాస్తారు, ఫేసింగ్ దగ్గరకి వచ్చేసరికి ఎందుకు రాయరో నాకిప్పటికీ అర్థం కాదు. మా దగ్గర అది రాయకుండా బ్లాక్ గేటు దాటదు. ప్యాకింగ్ అమ్మే షాపులూ అంతే, "ఆక్టేవియా డీజిల్ సెట్టు" అంటే ఏది చేతికి దొరికితే అది ఇస్తారు, ఎన్ని రంధ్రాలని అడిగేవాడు లేడు.

మూడు రంధ్రాలది ఇక్కడ దొరకలేదు. ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి తెప్పిస్తే ఐదు రోజులు పట్టింది. రెండు ప్యాకింగ్‌లు కలిపి వేయమనీ, రెండు పక్కలా గమ్ పూసి మందం పెంచమనీ సలహాలిచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అది ప్యాకింగ్, అప్పడం కాదు.

బిగించే ముందు నాన్న ఇంకో పని చేయించారు. పిస్టన్ మీద పిన్ను వరసలోనే మెత్తటి సీసం తీగ ముక్కలు పెట్టి, కొత్త ప్యాకింగ్‌తో హెడ్‌ని పాత బోల్టులతో బిగించి క్రాంక్ తిప్పి, మళ్లీ విప్పి ఆ నలిగిన తీగ మందం మైక్రోమీటర్‌తో చూశాం, పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య మిగిలే ఖాళీ అదే. ఆ పరీక్షకే ఒక ప్యాకింగ్ పోతుంది, అందుకే రెండు తెప్పించారు. కస్టమర్ దగ్గర దాని డబ్బు తీసుకోలేదు. తర్వాత కొత్త బోల్టులతో 40, 60 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు, మళ్లీ 90. ఈ బోల్టులు సాగే రకం, పాతవి మళ్లీ వాడకూడదు. బండి ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది, శబ్దం లేదు.

మీ హెడ్ సంగతి కూడా చూసుకోండి. ఈ డీజిల్ హెడ్‌కి ఫేసింగ్ చేయొద్దని కంపెనీయే చెబుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపు లేని తిన్నని పట్టీ) పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులతో) చూస్తే వంపు 0.1 మిల్లీమీటరు దాటితే హెడ్ మార్చడమే. "కొంచెం తీసేద్దాం సార్" అంటే ఒప్పుకోకండి.

బ్లాక్ ఇంకా లేత్ షాపుకి వెళ్లలేదంటున్నారు కాబట్టి, ఇప్పుడే నాలుగు పిస్టన్లూ కొలిచి రాసుకోండి. విప్పిన బ్లాక్ తిరిగొచ్చాక, పిస్టన్లు అవే వరసలో ఎక్కించి, ప్యాకింగ్ కొనే ముందు మళ్లీ కొలవండి. పిస్టన్లు, రాడ్లు, క్రాంక్ అవే అయితే ఆ తేడాయే వాళ్లు కోసింది. రీడింగులు ఇక్కడ పెడితే ఎన్ని రంధ్రాలది తీసుకోవాలో నేను చెబుతాను.