రెండు కళ్ళ మంట పోయింది, ఎడమ కన్ను ఎరుపు మాత్రం పోలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మా తమ్ముడికి 19 ఏళ్ళు. గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న వెల్డింగ్ షాపులో హెల్పర్‌. పోయిన సోమవారం అర్ధరాత్రి రెండు కళ్ళూ మంటలంటూ లేచి కూర్చున్నాడు. షాపులో వాడే చుక్కలు వేసుకుంటే హాయిగా ఉందన్నాడు. మంట రెండు రోజుల్లో పోయింది గానీ, ఎడమ కన్ను ఐదు రోజులైనా ఎర్రగానే ఉంది, కాస్త మసక కూడా. ఆ రోజు మడతబందును సుత్తితో కొడుతుంటే కంట్లో చురుక్కుమందని ఇప్పుడు చెబుతున్నాడు. ఇవన్నీ మామూలేనంటున్నాడు ఓనర్. ఆస్పత్రికి వెళ్తే బండి మీద వస్తుంటే పురుగు పడిందని చెప్పమన్నాడట. చూపించాలా, ఇంకొన్నాళ్ళు ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దమ్మా. ఈ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

మీ తమ్ముడికి జరిగినవి రెండు. అర్ధరాత్రి మంట వెల్డింగ్ వెలుగు వల్ల. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలకు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పైభాగం కమిలిపోతుంది. అప్పుడేమీ తెలియదు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే మానుతుంది. మేస్త్రీ చేతిలో వెలుగును ఆపే నల్ల అద్దం ఉంటుంది, పక్కన ముక్క పట్టుకున్న కుర్రాడికి ఉండదు. టాకా (ముక్కలు కదలకుండా వేసే చిన్న అతుకు) వేసేటప్పుడైతే ఇద్దరూ కళ్ళు మూసుకుని కానిచ్చేస్తారు.

నా భయం ఎడమ కన్ను గురించే. వెలుగు దెబ్బయితే రెండు కళ్ళకూ తగులుతుంది, రెండూ కలిసే తగ్గుతాయి. ఒక్క కన్నే మొండికేసిందంటే అందులో ఏదో ఉందని అనుమానించాలి. ఇనుముతో ఇనుమును కొట్టినప్పుడు లేచే రజను తుపాకీ గుండులా వస్తుంది. సూదిమొనంత రంధ్రం చేసుకుని లోపలికి పోతే పైకి గాయమే కనపడకపోవచ్చు. లోపల చీము పడితే చూపు రోజుల్లోనే పోవచ్చు. చీము పట్టకపోయినా, ఆ ఇనుము తుప్పు పట్టి నెలల తరబడి రెటీనాను (కంటి లోపలి వెనక తెరను) తింటుంది.

అందుకే పురుగు కథ చెప్పొద్దు. పురుగంటే డాక్టరు పైపైన చూసి, కడిగి పంపించవచ్చు. సుత్తితో కొడుతుంటే తగిలిందంటే చుక్కలతో కంటిపాపను పెద్దది చేసి లోపలంతా చూస్తారు, ఎక్స్‌రే గానీ సీటీ గానీ తీయిస్తారు. లోపల ఇనుము లేదని తేలేదాకా ఎంఆర్ఐ మాత్రం తీయించకూడదు, ఆ అయస్కాంతానికి ముక్క కదులుతుంది. బరంపురం మెడికల్ కాలేజీ అయినా, శ్రీకాకుళం అయినా, మీకు ఏది తొందరగా అందితే అక్కడికే వెళ్ళండి. దారిలో కన్ను నలపనివ్వొద్దు, దూదితో నొక్కి కట్టొద్దు. కాగితం కప్పు అడుగు భాగాన్ని కంటిపై బోర్లించి టేపు అంటిస్తే చాలు.

ఆ చుక్కల సీసా కూడా వెంట తీసుకెళ్ళండి. వేయగానే నొప్పి మాయమైందంటే అది తిమ్మిరి మందు కావచ్చు. ఆస్పత్రిలో పరీక్షకు ఒకసారి వేస్తాం. ఇంట్లో పదే పదే వేసుకుంటే గాయం మానదు, కార్నియా కరిగిపోతుంది కూడా. పైగా నొప్పి తెలియక కుర్రాడు మర్నాడే పనికి పోతాడు. మీవాడూ వెళ్ళే ఉంటాడు.

పదిమంది లేని షాపు కాబట్టి ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు ఉండకపోవచ్చు. అయినా పనిలో తగిలిన దెబ్బ అని ఓపీ చీటీ మీద రాయించుకోండి. రేపు పరిహారం అడగాల్సి వస్తే ఆ చీటీయే ఆధారం.

కన్ను మానాక పనికి వెళ్తే, ఎండకు పెట్టుకునే నల్ల కళ్ళజోడు వెల్డింగ్‌కు పనికిరాదు. మాస్కులో 10 లేదా 11 నంబరు అద్దం ఉండాలి. దాని కింద పక్కలు మూసిన తెల్ల కళ్ళజోడు కూడా పెట్టుకోవాలి. ఎందుకంటే చిట్టం (అతుకు మీద గట్టిపడే పెచ్చు) రాల్చేటప్పుడు ఏమీ కనపడక మాస్కు పైకెత్తేస్తారు, ముక్క ఎగిరి పడేది సరిగ్గా అప్పుడే.