మా అమ్మాయి ఓపెన్ సోర్స్ కమ్యూనిటీ నడుపుతోంది, ఉద్యోగం సంగతేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఏడాదిగా ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి మార్చగలిగేలా తెరిచి ఉంచే ప్రాజెక్టుకు, కొత్త డెవలపర్లను చేర్చే పనిని నెత్తిన వేసుకుని, ముప్పై రోజుల ఛాలెంజ్‌లు, నెలనెలా మీటప్‌లు నిర్వహిస్తోంది. గెలిచినవారికి టీషర్టులు, స్టిక్కర్లు పంపే బాధ్యత కూడా తనదే. దీనికి జీతం ఏమీ లేదు. తనతో చదివేవారంతా ఇంటర్వ్యూల కోసం కోడింగ్ సాధన చేస్తుంటే, జీతం లేని ఈ పనికి మా అమ్మాయి రాత్రిళ్ళు మేలుకుంటోంది. కమ్యూనిటీ లీడ్ అనేది నిజంగా ఒక ఉద్యోగమేనా? సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉద్యోగంతో పోల్చి చెప్పండి. వచ్చే నెలలో రెండు రోజుల మీటప్‌కు వెళతానంటోంది, పంపమంటారా? — ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో జీతం లేదన్న మాట రెండుసార్లు వచ్చింది, పోల్చి చెప్పమన్న మాట ఒక్కసారే వచ్చింది. కాబట్టి ముందుగా మొదటిదానికే జవాబు చెప్పవలసి ఉంటుంది. హ్యాకథాన్లనే కోడింగ్ పోటీల వెంట తిరిగే పిల్లల గురించీ, కాలేజీ క్లబ్బులు నడిపే పిల్లల గురించీ నాకు వచ్చే ఉత్తరాలన్నిటి అడుగున ఉండే భయం ఇదే: మన బిడ్డ తెలివిని ఎవరో ఉచితంగా వాడుకుంటున్నారేమో, ఈలోగా తోటివాళ్ళు దాటిపోతారేమో అని. ఇందులో మొదటి సగం మీ అమ్మాయి విషయంలో చాలావరకు నిజం కాదనీ, రెండో సగం మాత్రం మీరు అనుకున్న కారణం వల్ల కాక వేరొక కారణం వల్ల కొంత నిజమనీ నా అభిప్రాయం.

ఓపెన్ సోర్స్ పని వెట్టిచాకిరీ కాదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విద్యార్థిగా ఉండగా సరదాకు చేస్తున్నానంటూ ప్రకటించిన లినక్స్ కెర్నెల్‌కు, అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగానికి, ఈనాడు కోడ్ రాస్తున్నవారిలో అధికభాగం ఏదో ఒక కంపెనీ జీతం మీద ఉండి ఆ పని చేస్తున్నవారే. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి కొత్తవారికి స్టైపెండ్ ఇచ్చి ఇలాంటి ప్రాజెక్టుల్లో పని చేయిస్తోంది, 2022 నుంచి విద్యార్థులు కానివారిని కూడా తీసుకుంటోంది. అవుట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ కార్యక్రమంలోనైతే దరఖాస్తు చేసినవారు ఎంపికకు ముందే ఆ ప్రాజెక్టులో కొంత పని చేసి చూపించాలి. ముందు నలుగురి కళ్ళ ముందు పని, తరువాత డబ్బు అన్న క్రమం ఈ రంగంలో మొదటినుంచీ ఉన్నదే కాబట్టి, మూడో సంవత్సరం అమ్మాయికి జీతం లేకపోవడాన్ని మోసంగా చూడనవసరం లేదు.

అయితే ఛాలెంజ్‌ల మీద, బహుమతుల మీద నాకున్న అనుమానాలను మీ దగ్గర దాచను. ఈ మధ్య ప్రతి ప్రాజెక్టూ, ప్రతి కంపెనీ డెవలపర్ల కమ్యూనిటీని పెంచుతామంటూ ఏదో ఒక ఛాలెంజ్ ప్రకటిస్తోంది. వాటిలో పేరు మోసినది డిజిటల్ ఓషన్ కంపెనీ 2014లో మొదలుపెట్టిన హాక్టోబర్‌ఫెస్ట్. అక్టోబర్ నెలలో నిర్ణీత సంఖ్యలో పుల్ రిక్వెస్టులు, అంటే మీ కోడ్‌లో ఫలానా మార్పు చేశాను స్వీకరించండి అనే ప్రతిపాదనలు, పంపినవారికి టీషర్టు ఇచ్చేవారు. ఉద్దేశం మంచిదే, ఎందరో తమ మొదటి మార్పును అక్కడే పంపారు. కానీ 2020 అక్టోబర్ ఒకటో తేదీకే వ్యవహారం తలకిందులైంది. నాలుగు పుల్ రిక్వెస్టులతో టీషర్టు వస్తుంది కాబట్టి, ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో దాని పేరు పక్కన అద్భుతం అనే మాట తగిలించడం, ఉన్న వాక్యంలో ఒక విశేషణం చేర్చడం వంటి పనికిమాలిన మార్పులు వరదలా వచ్చిపడ్డాయి. ఆ ప్రాజెక్టులను సాయంత్రాలు, సెలవుదినాలు వెచ్చించి చూసుకునే మెయింటెయినర్లు ఒక్కొక్కదాన్నీ తెరిచి, చదివి, మూసివేస్తూ కూర్చోవలసి వచ్చింది. నిర్వాహకులు కొద్ది రోజుల్లోనే నియమం మార్చి, తమంతట తాము సమ్మతించిన ప్రాజెక్టుల్లో చేసిన మార్పులనే లెక్కిస్తామన్నారు. 2023లో టీషర్టులే మానేసి డిజిటల్ బ్యాడ్జ్‌లకు మారారు.

టీషర్టుకే ఇంత జరిగినప్పుడు డబ్బు సంగతి చెప్పనక్కరలేదు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని అటూ ఇటూ చేరవేసే కర్ల్ అనే పనిముట్టును లెక్కలేనన్ని పరికరాలలో వాడుతున్నారు. దానిలో భద్రతాలోపాలు కనిపెట్టినవారికి 2019 నుంచి నగదు బహుమతి ఉండేది. కృత్రిమ మేధతో రాయించిన, చూడడానికి గంభీరంగా కనిపించి లోపల ఏమీ లేని నివేదికలు వచ్చిపడి మెయింటెయినర్ల సమయాన్ని మింగేయడంతో 2026 జనవరితో ఆ బహుమతిని ఎత్తివేశారు.

ఇది ఇప్పటి పిల్లల లోపమేమీ కాదు. 1973లో మార్క్ లెపర్, ఆయన సహచరులు బడికి పోయే వయసు ఇంకా రాని పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటి విద్యార్థులకు సలహాలిచ్చే మా వృత్తిలో తరచుగా తలచుకుంటాం. బొమ్మలు గీయడం ఇష్టమైన పిల్లల్లో కొందరికి గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా గీసిన తరువాత ఇచ్చారు, మరికొందరికి అసలు ఇవ్వలేదు. కొన్నాళ్ళ తరువాత చూస్తే, ముందే ఆశపెట్టినవారు ఆటవిడుపు సమయంలో గీయడం తగ్గించారు. చెప్పకుండా అందుకున్నవారిలో ఆ తగ్గుదల లేదు. బహుమతి ఆశగా కాక గుర్తింపుగా మారితే ఎలా ఉంటుందో చెప్పడానికి నాకెంతో ఇష్టమైన ఉదాహరణ కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్. తన పుస్తకాల్లో తప్పు పట్టినవారికి ఆయన 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో 256ను 100 అని రాస్తారు కాబట్టి, 256 సెంట్లు అంటే ఆ పద్ధతిలో ఒక డాలరని ఆయన చమత్కారం. ఆ చెక్కులు అందుకున్న ఎందరో వాటిని బ్యాంకులో వేయకుండా ఫ్రేము కట్టించుకున్నారు. మీ అమ్మాయి బహుమతులు పంచుతోంది కాబట్టి ఈ రెండు విషయాలూ తనకు చెప్పండి: ముందుగా ప్రకటించిన టీషర్టు కంటే, రెండోసారి తిరిగి వచ్చి పని చేసినవారికి చెప్పాపెట్టకుండా వెళ్ళే స్టిక్కరు ఎక్కువ పని చేస్తుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థికి ఇలాంటి ఛాలెంజ్‌లలో వీలైనన్ని బ్యాడ్జ్‌లు సంపాదించమని నేనే చెప్పాను. రెజ్యూమేలో అవి నిండుగా కనిపించాయి. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఎదుటి మనిషి, కోడ్‌ను నలుగురికీ కనిపించేలా ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైటులో అతని పేజీ తెరిచి, ఒక పుల్ రిక్వెస్టు మీద వేలు పెట్టి, ఈ ఫంక్షన్‌ను ఎందుకు మార్చవలసి వచ్చిందో చెప్పమన్నారట. ఆ మార్పును పక్కవాడిది చూసి ఎక్కించిన కుర్రవాడు ఏమీ చెప్పలేకపోయాడు. ఏ రోజు ఎంత పని చేశారో చూపించే ఆకుపచ్చ గళ్ళను ఆ ప్రొఫైలులో చూసి మురిసిపోయే తల్లిదండ్రులకు ఇంకో సంగతి: కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో కమిట్ తేదీని, అంటే మార్పు నమోదైన తేదీని, ఎవరికి నచ్చినట్టు వారు పెట్టుకోవచ్చు. కావాలంటే ఆ గళ్ళతో ముగ్గు వేయవచ్చు, వేసినవారు కూడా ఉన్నారు.

మీరడిగిన పోలికకు వస్తే, అది పెద్దగా సాగదు. కమ్యూనిటీ మేనేజర్, డెవలపర్ అడ్వకేట్ (కంపెనీ తరఫున డెవలపర్లతో మాట్లాడే మనిషి) అనే ఉద్యోగాలు నిజంగానే ఉన్నాయి, వాటికి జీతాలూ ఉన్నాయి. కానీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉద్యోగాలతో పోలిస్తే అవి చాలా తక్కువ. వాటిలో చాలావాటికి కొన్నేళ్ళు ఇంజినీరుగా చేసినవారినే తీసుకుంటారు. ఎందుకంటే మీటప్‌లో ఎవరో లేచి మీరిచ్చిన కోడ్ నా కోడ్‌లో ఎందుకు కూలిపోతోందని అడిగితే స్టిక్కరు ఇచ్చి కూర్చోబెట్టలేరు. పైగా ఈ పని ఇంజినీరింగ్‌కూ మార్కెటింగ్‌కూ మధ్య ఉంటుంది. ఎంతమంది వచ్చారో లెక్క చూపించగలరు గాని, దానివల్ల కంపెనీకి ఒరిగిందేమిటో చూపించడం కష్టం కాబట్టి, ఖర్చులు తగ్గించుకోవలసి వచ్చినప్పుడు కత్తెర ముందుగా అటువైపే పోతుంది. చదువు పూర్తి కాగానే తిన్నగా కమ్యూనిటీ లీడ్ ఉద్యోగంలోకి వెళ్ళమని నేను ఎవరికీ చెప్పడం లేదు, మీ అమ్మాయికీ చెప్పను. ఇంజినీరుగా వెళ్ళి, చేతిలో ఈ నైపుణ్యం కూడా ఉన్న మనిషిగా ఉండమంటాను.

ఇక మీకు కాస్త కటువుగానే చెప్పవలసిన మాట ఉంది. ఉత్తరంతోపాటు ఆ ప్రాజెక్టు పేజీ లింకు పంపారు, కానీ మీరు దాన్ని తెరిచి చూసినట్టు లేదు. నేను చూశాను. ఆమె ఇంతకుముందు నడిపిన ఒక ఛాలెంజ్‌లో మొదటి రోజు చాలామంది పేర్లు నమోదు చేసుకున్నారు, చివరికి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది మిగిలారు. మీకు ఇది విఫలమైన పని అనిపిస్తుందేమో. ఆ మిగిలినవారిలో ఒకరు పంపిన మొదటి మార్పుతో, కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలన్నీ విఫలమయ్యాయి, పేజీ నిండా ఎర్ర గుర్తులు. అలాంటి చోట చాలామంది కొత్తవారు సిగ్గుపడి మళ్ళీ కనిపించరు. మీ అమ్మాయి అదే సాయంత్రం అక్కడ జవాబు రాసింది. తప్పు ఏ వరుసలో ఉందో చూపించింది, తాను కూడా మొదట అదే తప్పు చేశానని ఒక వాక్యం జోడించింది, సరిచేయడానికి ఏ ఫైలు చదవాలో చెప్పింది, కోడ్ మాత్రం తాను రాసి ఇవ్వలేదు. ఆ వ్యక్తి నాలుగు రోజులకు సరిచేసి పంపారు, ఆపై మరో రెండు మార్పులు పంపారు. పదేళ్ళ అనుభవం ఉన్న టీమ్ లీడ్‌లలో కూడా అంత ఓర్పుగా కోడ్ రివ్యూ చేసేవారిని నేను ఎక్కువమందిని చూడలేదు. ఇంట్లో కూర్చుని ఈ పని చేస్తున్న పిల్లను పట్టుకుని, ఇంటర్వ్యూల కోసం కోడింగ్ సాధన చేసే తోటివాళ్ళతో పోల్చడం న్యాయంగా లేదు.

ఆ ఓర్పుకు విలువ ఎంతో 2024 మార్చిలో ప్రపంచానికి తెలిసివచ్చింది. లినక్స్ వ్యవస్థల్లో విస్తారంగా వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ పనిముట్టును ఏళ్ళ తరబడి దాదాపు ఒక్క మనిషే చూసుకుంటూ వచ్చారు. ఆయన అలసిపోయి ఉన్న సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికి వచ్చి, రెండేళ్ళకు పైగా బుద్ధిగా పని చేసి, నమ్మకం సంపాదించి, చివరకు దానిలో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి చూడబట్టి అది బయటపడింది. మెయింటెయినర్ చుట్టూ నలుగురు నిజమైన మనుషులు ఉండి పని పంచుకుని ఉంటే ఆ కథ వేరుగా ఉండేదని నేను అనుకుంటాను.

మీటప్‌ల ప్రయోజనం కూడా అక్కడే ఉంది. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెవలపర్లు కొద్దిమంది కెనడాలోని కాల్గరీలో ఒకచోట కూర్చుని కోడ్ రాసుకున్నారు. హ్యాకథాన్ అన్న మాట మొదట వాడుకలోకి వచ్చిన సందర్భాల్లో అదొకటి. అక్కడ పోటీ లేదు, పని మాత్రమే ఉంది. బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఫాస్‌డెమ్ అనే ఓపెన్ సోర్స్ డెవలపర్ల సమావేశానికి ఈనాటికీ ప్రవేశరుసుము లేదు, ముందస్తు నమోదు కూడా లేదు. ప్రసంగాలు వినడానికే అయితే వీడియోలు చాలు. తెర మీద మాత్రమే తెలిసిన మనిషి పక్కన కూర్చుని ఒకే లోపాన్ని ఇద్దరూ కలిసి వెతికే గంట కోసం వెళ్ళాలి.

కాబట్టి మీటప్‌కు పంపండి. అందుకు ప్రతిగా ఒక షరతు పెట్టుకోండి. తోటివాళ్ళు దాటిపోతారేమోనన్న రెండో భయం కొంత నిజమన్నది దీని గురించే. ఈ ఏడాదిలో ఆమె ఇతరుల కోడ్ చాలా చూసింది గాని, తన సొంత కోడ్ బాగా తగ్గింది. మొదటి ఆరు నెలల్లో ప్రతి నెలా ఒకటి రెండు గట్టి మార్పులు ఉన్నాయి, తరువాత దాదాపు అన్నీ ప్రకటనలూ జాబితాలూ. ఆ పేజీలోనే ఆమె సొంత పుల్ రిక్వెస్టు ఒకటి, ఫైళ్ళను చదివే భాగాన్ని తిరగరాసే పెద్ద మార్పే, సమీక్షకుడు అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు లేక మూడు వారాలుగా ఆగిపోయి ఉంది. ఇప్పటి ఛాలెంజ్ జరుగుతున్నది కూడా సరిగ్గా ఆ మూడు వారాల్లోనే. మీటప్‌కు బయలుదేరేలోపు ఆ రెండు ప్రశ్నలకూ జవాబు రాసి పంపమని, తరువాతి ఛాలెంజ్‌ను ఆమెకు బదులు ఆ మిగిలినవారిలో ఒకరిని నడపనివ్వమని నా మాటగా చెప్పండి.