మేస్త్రి గారూ, మీ పాప మాట్లాడుతున్నదీ సిమెంటు గురించే

రాజాం నుంచి ఒక తాపీమేస్త్రి గారు అడిగారు: "మా పాప బీడీఎస్ మూడో సంవత్సరం. క్లినిక్ పెట్టదట, పళ్ళలో నింపే సిమెంట్ల మీద రీసెర్చ్ చేస్తుందట. ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం చెయ్యమంటారు?"

మేస్త్రి గారూ, ఆ సిమెంటు మీకు తెలిసిందే. పుచ్చు నరం దాకా దిగిన పంటికి ఎంటీఏ అనే పొడి వాడతారు, 1990లలో అమెరికాలోని లోమా లిండా యూనివర్సిటీలో టొరాబినెజాద్ వాళ్ళు తెచ్చారు. అసలు సరుకు మీరు రోజూ కలిపే పోర్ట్‌లాండ్ సిమెంటు జాతిదే, శుద్ధి చేసి, ఎక్స్‌రేలో కనబడేలా బిస్మత్ ఆక్సైడ్ కలిపారు. మీరు గోడకి నీళ్ళు కొట్టినట్టే దానికీ తడి కావాలి, అందుకే ఎప్పుడూ తడిగా ఉండే నోట్లో పనికొచ్చింది. కాకపోతే గట్టిపడటానికి రెండున్నర గంటలు దాటేది, నోరు తెరుచుకుని అంతసేపు ఎవరు కూర్చుంటారు! తర్వాత వచ్చిన బయోడెంటిన్ అనే పంటి సిమెంటులో కాల్షియం క్లోరైడ్ లాంటివి చేర్చి ఆ టైమును సుమారు 12 నిమిషాలకి దించారు. మీ పాప చేస్తానంటున్నది ఇలాంటి పనే. రోగి నోట్లో చెయ్యి పెట్టి నేర్చుకున్న పిల్ల కాబట్టి లాలాజలం, నమిలే ఒత్తిడి లాంటివి ఆమెకి పుస్తకం విషయాలు కావు, ల్యాబులో అది పెద్ద బలం.

అయితే ఈ రంగంలో ఫలితం మెల్లగా వస్తుంది. పంటి గుజ్జులో మూలకణాలు, అంటే కొత్త కణాలుగా మారగలిగేవి, ఉన్నాయని 2000లో తేలింది, అయినా కొత్త పన్ను మొలిపించే వైద్యం ఇంకా మన క్లినిక్కుల్లోకి రాలేదు. ఓపిక కావాలి, జీతం ఆలస్యంగా మొదలవుతుంది, అది ఆమెకి ముందే తెలియాలి.

దారులున్నాయి. బీడీఎస్ వాళ్ళు ఇప్పుడు గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) రాయొచ్చు, అందులో బయోమెడికల్ పేపరుంది, కాకపోతే లెక్కలు మళ్ళీ పట్టాలి. బయోమెటీరియల్స్‌కి, అంటే ఒంట్లో వాడే ఇలాంటి పదార్థాలకి, తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ పేరున్నది, అది కేంద్ర ప్రభుత్వానిది. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ మన విశాఖలోనే ఉంది. చేరే ముందు ప్రతి కోర్సు నోటిఫికేషన్‌లో బీడీఎస్‌కి అర్హత ఉందో లేదో చూసుకోవాలి. నీట్ ఎండీఎస్‌లో (దంతవైద్య పీజీ పరీక్ష) మంచి ర్యాంకొస్తే కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ, అంటే పన్ను పీకకుండా నింపి కాపాడే విభాగం, కూడా ఇటే తెస్తుంది, కానీ దానికోసం పొలం అమ్మి ప్రైవేటు సీటు మాత్రం కొనకండి.

ఇంత పెద్ద నిర్ణయం ఇప్పుడే వద్దు. ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) వాళ్ళు ఎంబీబీఎస్, బీడీఎస్ పిల్లలకి రెండు నెలల చిన్న రీసెర్చ్ ఇస్తారు, స్టైపెండ్‌తో. అది చేస్తే ఇష్టమో, మోజో ఆమెకే తెలిసిపోతుంది. దరఖాస్తుకి గైడ్ ఉండాలి, కాబట్టి ఈ వారంలోనే కాలేజీలో ఒక ప్రొఫెసర్‌ని అడగమనండి.