తోటకు శుద్ధి చేసిన మురుగునీరు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

వేసవి మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో సగానికి పైగా అపార్ట్‌మెంట్ల ఎస్టీపీల (మురుగునీటి శుద్ధి ప్లాంట్ల) గురించినవే. బోర్లు అడుగంటడం, ట్యాంకర్ల ధర పెరగడం ఇందుకు ఒక కారణం. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో తోటలు తడపడాన్ని, కార్లు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా ప్రకటించిన తరువాత, హైదరాబాదు సంఘాల్లోనూ ఈ చర్చ పెరిగినట్లు ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. ఒకే విషయంపై వచ్చిన ఉత్తరాలను కలిపి, కొన్నింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మాది కొండాపూర్‌లో 240 ఫ్లాట్ల సముదాయం. బిల్డరు నిరుడు అంతా సంఘానికి అప్పగించాడు. ఎస్టీపీని ఒక ఏజెన్సీకి కాంట్రాక్టుకు ఇచ్చాం. ఆ నీటిని తోటకు వాడుతున్నాం. రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పవలసింది ఏజెన్సీయా, మేమా?
– సంఘం కార్యదర్శి

సమాధానం: మీరే. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం ఒక ఆవరణకు బాధ్యుడిగా చూసేది, దాని వ్యవహారాలు ఎవరి అదుపులో ఉన్నాయో వారిని. అప్పగింత పూర్తయిన రోజు నుంచి ఆ స్థానం సంఘానిది. ఏజెన్సీ మీ తరఫున పని చేసే సంస్థ మాత్రమే. కాంట్రాక్టులో జరిమానా క్లాజు రాసుకుని తరువాత ఆ సొమ్మును వారి నుంచి రాబట్టుకోవచ్చు గాని, కాలుష్య నియంత్రణ మండలి నోటీసు వస్తే అది సంఘం పేరు మీదే వస్తుంది. అందుచేత ముందుగా చూడవలసింది, మండలి ఇచ్చిన కన్సెంట్ (అనుమతి పత్రం) ఇంకా బిల్డరు పేరు మీదే ఉందా, దాని గడువు ఎప్పటిదాకా ఉంది అన్నది. చాలా సంఘాలు లిఫ్టుల వారంటీ, క్లబ్‌హౌస్ ఫర్నిచరు మొదలుకొని ప్రతి కాగితాన్నీ అడిగి తీసుకుంటాయి. దీన్ని మాత్రం మరిచిపోతాయి.

20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత విస్తీర్ణం ఉన్న ప్రాజెక్టుకు 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి కావాలి. మురుగునీటిని ఆవరణలోనే శుద్ధి చేసి ఫ్లషింగ్‌కూ మొక్కలకూ వాడాలన్న షరతు ఆ అనుమతి పత్రాల్లో మామూలుగా ఉంటుంది. కాబట్టి తోటకు ఈ నీటిని వాడడం మీరు సరదాకు ఎంచుకున్న పొదుపు కాకపోవచ్చు. అది మీ భవనానికి అనుమతి ఇచ్చినప్పుడే పెట్టిన షరతు కావచ్చు. ఇక నీటి నాణ్యత విషయానికి వస్తే, కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరు నోటిఫికేషన్ మహానగరాల్లో బీఓడీ (నీటిలో మిగిలిన సేంద్రియ మలినాన్ని తెలిపే కొలత) లీటరుకు 20 మిల్లీగ్రాములు, మల సంబంధ కోలిఫారం బాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 1,000 దాటకూడదన్నది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బీఓడీని 10కి, కోలిఫారంను 230కి తగ్గించాలని ఆదేశించింది. ఈ అంకెల్లో ఏది వర్తిస్తుందని సర్వసభ్య సమావేశంలో వాదించుకోవడం వృథా. మీ కన్సెంట్ పత్రంలో రాసిన అంకె ఏదైతే అదే మీకు ప్రమాణం. దాని నకలు ఎస్టీపీ గదిలో గోడకు అంటించి, నెలకొకసారి గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో చేయించిన పరీక్ష నివేదికను దాని పక్కనే పెట్టండి.

మరొక మాట. తొట్టెల్లో బురద తీయడానికి మనిషిని దింపే అలవాటు ఇంకా పోలేదు. సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగుకాలువల్లో ప్రమాదకరమైన రీతిలో మనుషులతో శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. ఎస్టీపీ తొట్టెల్లోనూ అలాంటి విషవాయువులే ఉంటాయి. మనిషిని తొట్టెలోకి దింపరాదన్న ఒక్క వాక్యం కాంట్రాక్టులో లేకపోతే సంతకం చేయవద్దు.

ప్రశ్న: ఏప్రిల్‌లో ఎస్టీపీ నీళ్లు చాలక లాన్ ఎండిపోతుంటే, మా ప్లంబరు బోరు లైను నుంచి తోట లైనుకు ఒక ముక్క వేసి మధ్యలో వాల్వు పెట్టాడు. కావలసినప్పుడు తిప్పుకోవచ్చు అన్నాడు. ఎవరికీ ఇబ్బంది రాలేదు. కానీ మా వాళ్లలో ఒకాయన ఇది చాలా ప్రమాదమని గొడవ చేస్తున్నారు. నిజమేనా?
– మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: గొడవ చేస్తున్నాయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. వచ్చిన ఉత్తరాలన్నింటిలోనూ నన్ను కలవరపెట్టినది ఇదే.

ఆ వాల్వు మూసి ఉన్నంతసేపు, అది పూర్తిగా మూసుకున్నంతసేపు, రెండు వైపులా ఒత్తిడి అనుకూలంగా ఉన్నంతసేపు ఏమీ జరగదు. మధ్యాహ్నం కరెంటు పోయి బోరు మోటారు ఆగిపోయిందనుకోండి. ఆ లైనులో ఒత్తిడి పడిపోతుంది. అదే సమయానికి జనరేటరు మీద తోట పంపు నడుస్తూ ఉంటే, శుద్ధి చేసిన మురుగునీరు వాల్వు సందులోంచి బోరు లైనులోకి, అక్కడి నుంచి సంపులోకి, సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకులోకి చేరుతుంది. చేరిన సంగతి రంగు చెప్పదు, వాసనా చెప్పకపోవచ్చు. వారం తరువాత ఒక బ్లాకులో పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలైతే, అందరూ ముందు పానీపూరీ బండినే అనుమానిస్తారు. నీటిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు పెట్టాం కదా అని కొందరు ధైర్యం చెబుతారు. ఆ వాల్వు పలక కింద చిన్న ఇసుకరేణువు ఇరుక్కుంటే చాలు, అది ఉన్నా లేనట్లే; హైదరాబాదు బోరు నీటిలో ఇసుకకు కొదవ లేదు.

కాబట్టి ఆ ముక్కను ఈ వారమే కోయించి రెండు చివరలకూ మూతలు వేయించండి. వాల్వుకు తాళం వేస్తే సరిపోదు. తోటకు అదనపు నీరు అవసరమే అయితే, బోరు నీటిని శుద్ధి చేసిన నీటి తొట్టెలోకి పైనుంచి గాలిలో ధారగా పడనివ్వాలి. గొట్టం చివరకూ తొట్టె నిండి పొర్లే మట్టానికీ మధ్య కనీసం గొట్టం వ్యాసానికి రెట్టింపు ఖాళీ, ఎట్టి పరిస్థితిలోనూ 25 మిల్లీమీటర్లకు తగ్గని ఖాళీ ఉండాలి. వాల్వు చెడవచ్చు గాని గాలి ఖాళీ చెడదు. మురుగునీరు ఎగిరి గొట్టంలోకి వెళ్లలేదు.

కోయించిన తరువాత, ఇంకెక్కడా ఇలాంటి ముక్క లేదని రూఢి చేసుకోవాలి. ఒక ఆదివారం ఉదయం అందరికీ ముందుగా చెప్పి, తాగునీటి పంపులు ఆపి, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగే వాల్వులు మూయించి, తోట పంపును మాత్రం నడపండి. ప్రతి అంతస్తులో వంటింటి కుళాయి తెరిస్తే గొట్టంలో మిగిలిన నీరు కాసేపటికి ఆగిపోవాలి. ఎక్కడైనా ఆగకుండా వస్తూ ఉంటే ఆ లైను ఎక్కడో తోట లైనుతో కలిసి ఉన్నట్లే. తరువాత తోట పంపు ఆపి, తాగునీటి పంపు నడిపి, తోట కుళాయిల దగ్గర ఇదే చూడండి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే, చేతిలో ఇమిడే టీడీఎస్ మీటరుతో రెండు నీళ్లనూ కొలిచి ఆ అంకెలు రాసి పెట్టుకుంటే, ఆ తరువాత అనుమానం వచ్చిన కుళాయిని అర నిమిషంలో పట్టుకోవచ్చు. ప్లంబింగ్‌లో ఏ పెద్ద మార్పు చేసినా, కొత్త ప్లంబరు వచ్చినా ఈ పరీక్ష మళ్లీ చేయించాలి.

గొట్టాల రంగు విషయమూ కొందరు అడిగారు. ఈ నీటికి అమెరికాలో ఊదారంగు స్థిరపడింది. మీరు ఏ రంగు ఎంచుకున్నా, ఎస్టీపీ గది గోడ నుంచి తోట చివరి కుళాయి దాకా అదే రంగు ఉండాలి. సగం దూరం నీలం, సగం దూరం మిగిలిపోయిన తెల్ల పీవీసీ వేస్తే ఏ రంగూ లేనట్లే. తోట కుళాయిలకు మామూలు పిడి తీసేసి, తోటమాలి దగ్గర మాత్రమే ఉండే తాళంచెవితో తిరిగేవి పెట్టించండి. ‘ఈ నీరు తాగరాదు’ అన్న బోర్డు తెలుగులోనూ హిందీలోనూ ఉండాలి, ఇంగ్లీషులో మాత్రమే ఉంటే చాలదు. పనికి వచ్చే కూలీలు ఏ భాష చదువుతారో చూసి రాయించండి. చదువు రాని వారి కోసం గ్లాసు మీద అడ్డగీత బొమ్మ వేయించండి. ఎండలో పని చేసే తాపీ మేస్త్రీ దాహం వేస్తే దగ్గరున్న కుళాయి తిప్పుతాడు. అతనికి తాగే నీళ్ల కుళాయి దగ్గరలో ఏర్పాటు చేయడం కూడా ఈ బాధ్యతలో భాగమే.

ప్రశ్న: బాల్కనీ కింద ఉమ్మడి స్థలంలో కరివేపాకు, పుదీనా, తోటకూర వేశాం. వాటికీ ఈ నీళ్లే పెట్టవచ్చా?

సమాధానం: వద్దు. పచ్చిగా తినే పుదీనా, కొత్తిమీర, కోసి అలాగే తాలింపులో వేసే కరివేపాకు, నేలకు ఆనుకుని పెరిగే ఆకుకూరలు ఈ నీటికి దూరంగా ఉండాలి. ఆ మడికి వాననీరో, ఆర్వో యంత్రం వదిలే నీరు కాకుండా మామూలు కుళాయి నీరో పెట్టండి. కొబ్బరి, మామిడి లాంటి చెట్లకు మొదలు దగ్గర పాదులోనే పారితే అంత భయం లేదు గాని, నేల మీద రాలిన పండును కడగకుండా తినకూడదు.

ప్రశ్న: సాయంత్రం పిల్లలు ఆడుకునే వేళకే స్ప్రింక్లర్లు తిరుగుతాయి. ఒక్కోసారి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఏజెన్సీ వాళ్లు ‘మామూలే’ అంటున్నారు.
– నిజాంపేట నుంచి ఒక తండ్రి

సమాధానం: మామూలు కాదు. బాగా శుద్ధి అయిన నీటికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. కుళ్లిన గుడ్ల వాసన అంటే గాలి ఊదే బ్లోయరు సరిగా నడవలేదనో, శుద్ధి చేసిన నీరు తొట్టెలో రోజుల తరబడి నిలిచిపోయిందనో అర్థం. కరెంటు బిల్లు తగ్గించడానికి రాత్రిళ్లు బ్లోయరు ఆపేయడం కొన్నిచోట్ల జరుగుతుంది. లాగ్‌బుక్కులో రాసిన గంటలను మీటరు రీడింగుతో పోల్చి చూస్తే దొరికిపోతుంది. వాసన ఉన్న రోజు తోటకు ఆ నీరు వదలకూడదు. ఒకటి రెండు రోజులు ఎండినంత మాత్రాన లాన్ చచ్చిపోదు.

స్ప్రింక్లరు నీటిని సన్నటి తుంపరగా చేసి గాలిలోకి వదులుతుంది. ఆ తుంపరను పిల్లలూ, నడకకు వచ్చే పెద్దలూ పీలుస్తారు. అందుకని రాత్రి పది దాటాక మొదలుపెట్టి, తెల్లవారే లోపు గడ్డి ఆరేలా ఆపాలి. గాలి బలంగా ఉన్న రాత్రి ఆపేయాలి. ఆట స్థలం, బెంచీలు, కిటికీల వైపు స్ప్రింక్లరు తల తిరగకుండా సరిచేయాలి. వీలున్నచోట డ్రిప్ వేస్తే ఈ తలనొప్పి చాలా వరకు తీరుతుంది, కాకపోతే ఫిల్టరు వారం వారం కడగకపోతే రంధ్రాలు మూసుకుపోతాయి.

క్లోరిన్ ఉందో లేదో మీరే చూడవచ్చు. తోట చివరి కుళాయి నుంచి చిన్న గొట్టంలో నీరు పట్టి టెస్ట్ కిట్ చుక్కలు వేస్తే లేత పసుపు రంగు రావాలి, లీటరుకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము మధ్య ఉంటే చాలు. రంగే రాకపోతే ఎస్టీపీ గదిలో హైపో (క్లోరిన్ ద్రావణం) డబ్బాల మీద తేదీ చూడండి. మన మే నెల ఎండకు రేకుల షెడ్డులో పెట్టిన హైపో కొన్ని వారాల్లోనే బలం కోల్పోతుంది. పోసేది నీళ్లతో సమానమవుతుంది. తోటమాలికి చేతి తొడుగులు, బూట్లు, సబ్బు ఇవ్వడం సంఘం బాధ్యత. ఈ నీటిని అందరికంటే ఎక్కువగా తాకేది అతనే, ఈ విషయంలో ఇంతవరకు ఎవరూ ఉత్తరం రాయలేదు.

ప్రశ్న: రెండేళ్లుగా ఎస్టీపీ నీరు పెడుతున్నాం. గులాబీల ఆకుల అంచులు మాడిపోతున్నాయి. నేల పైన తెల్లటి పొర.

సమాధానం: ఉప్పు. ఇంట్లో ఒకసారి వాడిన నీటికి లీటరుకు సుమారు 150 నుంచి 380 మిల్లీగ్రాముల లవణాలు అదనంగా చేరతాయని ఇంజినీరింగ్ పుస్తకాల లెక్క. ఎస్టీపీ వాటిని తీయదు. మీ భవనంలో బోరు నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నరు ఉంటుందని నా ఊహ. దాన్ని బస్తాల కొద్దీ ఉప్పుతో కడిగిన నీరు ఎక్కడికి పోతోందో చూడండి. అది ఎస్టీపీలోకి కలుస్తుంటే, ఆ సోడియం అంతా మీ గులాబీలకే చేరుతోంది. ఆ ధారను వేరు చేస్తే సగం సమస్య పోతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం టీడీఎస్ లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే సాగునీటికి చింత లేదు, 2,000 దాటితే తీవ్రం. గులాబీ ఉప్పుకు తట్టుకోలేదు. గన్నేరు, బోగన్‌విల్లియా, గరిక తట్టుకుంటాయి. మట్టి పరీక్ష చేయించి, అందులో చెబితేనే జిప్సం వేయండి.

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరకు కాలిఫోర్నియా వచ్చాం. ఇక్కడి కాలనీ లాన్‌లో ఊదారంగు స్ప్రింక్లర్లు, ‘తాగవద్దు’ బోర్డులు ఉన్నాయి. ఆ నీటిని బకెట్‌తో పట్టి మా తులసి కుండీకి పోయవచ్చా?
– మిల్పిటాస్ నుంచి

సమాధానం: పోయకూడదు. శాన్ హోజే, శాంటా క్లారా, మిల్పిటాస్‌లకు శుద్ధి చేసిన నీటిని ఇచ్చే వ్యవస్థ ఒకటే, అక్కడి నియమాలు టైటిల్ 22 అనే రాష్ట్ర నిబంధనల్లో ఉన్నాయి. ప్రజలు తిరిగే చోట మామూలు గొట్టం బిగించే కుళాయి పెట్టరాదు. తుంపర గాని, పారిన నీరు గాని ఇళ్లలోకి, ఆరుబయట భోజనం చేసే చోట్లకు చేరరాదు. ఉత్తమ శ్రేణి నీటితో అయినా తాగునీటి బావికి 50 అడుగుల లోపు సాధారణంగా తడపరాదు. ఆ శ్రేణి నీటిలో మొత్తం కోలిఫారం ఏడు రోజుల మధ్యస్థ విలువ 100 మిల్లీలీటర్లకు 2.2 దాటకూడదు. ఇంత శుభ్రమైన నీటికీ ఇన్ని కట్టుబాట్లు పెట్టారంటే, వారి దృష్టి గొట్టాల కలయిక మీద, పొరపాటున తాగడం మీద ఉంది. ఇంటికి పట్టుకెళ్లే పద్ధతి కొన్ని ఊళ్లలో వచ్చింది. డబ్లిన్, సాన్ రామోన్ ప్రాంతాల నీటి సంస్థ 2014 కరువులో అలాంటి కేంద్రం తెరిచింది. కాలనీ స్ప్రింక్లరు దగ్గర బకెట్ పెట్టడం మాత్రం ఆ కోవలోకి రాదు. తులసి ఆకు తీర్థంలో వేసుకునేది కాబట్టి, కుండీకి వంటింటి కుళాయి నీరే పోయండి.

ప్రశ్న: వానాకాలంలో తోటకు నీరు అక్కరలేదు. మిగిలిన శుద్ధి నీటిని పక్కనున్న వాననీటి కాలువలోకి వదలవచ్చా?

సమాధానం: మీ కన్సెంట్‌లో అలా రాసి ఉంటే తప్ప వదలకూడదు. ఆ కాలువ చివరకు ఏదో ఒక చెరువులో కలుస్తుంది. మిగులును జలమండలి మురుగుకాలువకు కలపడానికి అనుమతి తీసుకోండి, లేదా పక్కన భవనం కడుతున్న వారికి ట్యాంకరుతో ఇచ్చి, ఎంత ఇచ్చారో, దేనికి వాడారో లాగ్‌బుక్కులో రాయండి. తాగునీరు మోసే ట్యాంకరును మాత్రం దీనికి పిలవవద్దు.