హెచ్‌ఐవీ టెస్టులన్నీ నెగిటివ్ వచ్చినా భయం పోవట్లేదు. ఇంకొకసారి చేయించుకోవాలా?

తమ్ముడూ, నీకు 26 ఏళ్లని రాశావు. నేను నీకన్నా పదేళ్లు పెద్ద, అందుకే చనువుగా నువ్వు అంటున్నాను. ఒకసారి కండోమ్ చిరిగింది. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు ల్యాబ్‌లో ఫోర్త్ జనరేషన్ టెస్టు చేయించుకున్నావు, మూడూ నెగిటివ్. అయినా నిద్ర పట్టట్లేదు. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ఏదో వంక పెట్టి తప్పించుకుంటున్నావు. ఇంకొక్క టెస్టు చేయించుకుంటే ధైర్యం వస్తుందా అని అడిగావు.

రాదు. చేయించుకోకు.

ముందు టెస్టు సంగతి. ఫోర్త్ జనరేషన్ టెస్టు మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలతో పాటు వైరస్‌కు చెందిన పీ24 అనే ప్రోటీన్‌ను కూడా పట్టుకుంటుంది. యాంటీబాడీల కన్నా ముందే అది రక్తంలో కనిపిస్తుంది. అందుకే నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే ఈ టెస్టుకు విండో పీరియడ్, అంటే వైరస్ సోకినా టెస్టుకు దొరకని కాలం, 45 రోజులే. వేలు గుచ్చి చేసే ర్యాపిడ్ టెస్టులకైనా 90 రోజులు. నువ్వు రెండూ ఎప్పుడో దాటేశావు. ఆ తర్వాత మళ్లీ అలాంటిదేమీ జరగకపోతే నీకు హెచ్‌ఐవీ లేదు.

ఇదంతా నీకు తెలిసే ఉంటుంది. అప్పట్లో నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన పోయే భయం కాదిది.

నేను బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉండగా ఇదే నరకం పడ్డాను. రిపోర్టులో నాన్ రియాక్టివ్ అని ఉన్నా నా కళ్లు దాని పక్కనున్న అంకె మీదే ఉండేవి. ఒకసారి 0.09 వచ్చింది, ఇంకోసారి 0.14. ఒకటి లోపు ఏదైనా నాన్ రియాక్టివే అని కిందే అచ్చు వేసి ఉంది. నేను మాత్రం ‘పెరుగుతోంది’ అనుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. ఆ అంకె మెషీన్‌కు అందే సిగ్నల్ లెక్క మాత్రమే, కిట్‌ను బట్టి, రోజును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఒంట్లో వైరస్ ఎంతుందో చెప్పేది కాదని తర్వాత డాక్టరు వివరించారు. ఎవరైనా చూస్తారేమోనని ఒక ల్యాబ్‌లో వేరే పేరు రాయించాను. ఇక శాంపిల్ తారుమారైందేమోనని ఇంకో భయం. ఆఫీసు బాత్‌రూమ్‌లో అద్దం ముందు నిలబడి ఫోన్ టార్చితో నాలుక చూసుకోవడం, దవడ కింద బిళ్లను వేలితో వెతుక్కోవడం. పదే పదే నొక్కితే అక్కడ నొప్పి పుడుతుంది, ఆ నొప్పే మళ్లీ రుజువులా కనిపిస్తుంది. తిండి సహించక బరువు తగ్గాను, విరేచనాలు, రాత్రిళ్లు చెమటలు. నెట్‌లో వెతికితే అన్నీ హెచ్‌ఐవీ లక్షణాలే! అవన్నీ ఆందోళన వల్ల కూడా వస్తాయి.

ఆ చక్రం నుంచి నన్ను బయట పడేసింది ఒక ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో (హెచ్‌ఐవీ టెస్టు, కౌన్సెలింగ్ చేసే కేంద్రం) కౌన్సిలర్ అక్క. “నీ రక్తం బాగానే ఉంది నాన్నా, ఇక్కడికి ఇంక రావొద్దు. నిమ్హాన్స్‌కు వెళ్లు” అంది. అది మానసిక జబ్బుల ఆసుపత్రి. కోపం వచ్చింది. అయినా వెళ్లాను.

హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ నీకు తెలిసే ఉంటుంది. పొద్దున్నే వెళ్లు, క్యూ పెద్దదే. అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తారు, మన మాట వినిపిస్తూనే ఉంటుంది. అక్కడ డాక్టరు నా రిపోర్టులు పెద్దగా చూడలేదు. “నెగిటివ్ అని చూశాక ఎంతసేపు ప్రశాంతంగా ఉంటావు?” అని అడిగారు. మొదట్లో కొన్ని వారాలు ఉండేవాణ్ణి, చివరికొచ్చేసరికి ల్యాబ్ మెట్లు దిగేలోపే అనుమానం మొదలయ్యేది. అదే జబ్బు, ఓసీడీ అన్నారు, అంటే వద్దన్నా అవే అనుమానాలు మళ్లీ మళ్లీ వచ్చి, చేసిన పనే చేయించే జబ్బు. దురద పుట్టినచోట గోకితే కాసేపు హాయిగా ఉండి తర్వాత ఇంకా రేగినట్టు, ప్రతి టెస్టూ అనుమానాన్ని ఇంకాస్త పెంచుతుందట. నీది కూడా ఓసీడీయేనని నేను చెప్పలేను, హెల్త్ యాంగ్జైటీ (ఏదో జబ్బు ఉందేమోనన్న అతి భయం) కావచ్చు, అది డాక్టరే తేల్చాలి. రెండింటికీ మంచి చికిత్స ఉంది.

నాకు మందూ ఇచ్చారు, థెరపీ కూడా. ఓసీడీకి, ఆందోళనకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు తలనొప్పి మాత్రలా వెంటనే పనిచేయవు, ఓసీడీకి రెండు మూడు నెలలు కూడా పట్టొచ్చు. గుణం కనిపించలేదనో, కనిపించిందనో నీ అంతట నువ్వు ఆపేయకు. థెరపీ మాత్రం కష్టంగానే ఉంటుంది. భయం వచ్చినప్పుడు టెస్టు, గూగుల్, అద్దం, “నాకేం లేదు కదరా” అని స్నేహితుణ్ణి అడగడం, ఇవేవీ చేయకుండా ఆ భయంతోనే కూర్చోవాలి. మొదట పది నిమిషాలు, తర్వాత గంట. ఏమీ చేయకపోయినా భయం దానంతటదే దిగిపోతుందని ఒంటికి తెలిసొచ్చేదాకా. నా రూమ్మేట్‌కు ముందే చెప్పి పెట్టాను, నేనెంత బతిమాలినా ‘నీకేం కాలేదు’ అనొద్దని. పాపం, నాకన్నా వాడికే ఎక్కువ కష్టమైంది.

ఇంకోటి. మా తరం ఊరూరా ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా’ అన్న బోర్డులు చూస్తూ పెరిగింది. హెచ్‌ఐవీ అంటే చావు, పరువు పోవడం అని మనసులో నాటుకుపోయింది. ఈరోజు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల్లో మందులు ఉచితం. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ టెస్టుకు అందనంతగా తగ్గి అలాగే ఉంటే, సెక్స్ ద్వారా భాగస్వామికి కూడా సోకదు. వాళ్లు పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. ఎప్పుడైనా మళ్లీ నిజంగా రిస్కు జరిగితే 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే సోకే అవకాశాన్ని బాగా తగ్గించే 28 రోజుల పీఈపీ మందులు ఇస్తారు. అది వేరే సంగతి, ఇప్పుడు నీకు అవసరం లేదు.

పెళ్లి విషయానికొస్తే, ‘నిశ్చితార్థానికి ముందు ఆఖరిగా ఒక్కసారి’ అని మనసు లాగుతుంది. నన్నూ లాగింది. అప్పుడు ల్యాబ్‌కు కాకుండా 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నిద్ర పూర్తిగా పోయినా, చచ్చిపోతే బాగుండు అనిపించినా సోమవారం దాకా ఆగకు, ఆ క్షణమే చెయ్యి. నిమ్హాన్స్‌కు ఒక్కడివే వెళ్లడానికి జంకుగా ఉంటే ఇక్కడే రాయి, నేను వస్తాను.