మాస్టారూ, ఒక సందేహం: గంజాం తుఫానులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తుఫానుల గురించే. దసరా దగ్గరపడుతోందంటే బరంపురంలో, పర్లాకిమిడిలో మనవాళ్లందరికీ ఆకాశం వైపు చూడటం అలవాటే కదా. బళ్లో భూగోళం చెప్పినన్నాళ్లూ నాకూ పిల్లలు ఎక్కువగా వేసిన ప్రశ్నలు ఇవే.

ప్రశ్న: 1999 సూపర్ సైక్లోన్‌ని బరంపురంలోనే చూశానని మా నాన్నగారు అంటారు. అది పారాదీప్ దగ్గర తీరం దాటిందని అందరూ రాస్తున్నారు. ఆయన పొరబడుతున్నారా? (ఒక పాఠకుడు, బరంపురం)

మీ నాన్నగారు చూసింది చూశారు బాబూ, పేరు మాత్రం ఇంకో తుఫానుది. ఆ అక్టోబరులో ఒడిశా మీదికి రెండు తుఫానులొచ్చాయి. మొదటిది 17, 18 తేదీల మధ్య గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా దసరా రోజులు. మా వీధి పందిరి రేకులు పక్క వీధిలో దొరికాయి, నిలువెత్తు వేపచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. మేమింకా చీకట్లోనే ఉన్నాం, 29న రెండోది వచ్చి జగత్‌సింగ్‌పూర్ జిల్లా ఎరసమ వైపు విరుచుకుపడింది. దాన్నే సూపర్ సైక్లోన్ అన్నారు. గాలి గంటకు 260 కిలోమీటర్ల వేగం, సర్కారు లెక్క ప్రకారమే దాదాపు 10,000 ప్రాణాలు. మా ఇంట్లో ఆ వార్త ట్రాన్సిస్టర్‌లో విన్నాం.

అంత చావు ముందు గంజాం కష్టం ఎవరికీ గుర్తులేకపోవడంలో ఆశ్చర్యం లేదు. కానీ అది కూడా చరిత్రే. రెండో తుఫాను వల్లే మొదటిది కనుమరుగైంది కాబట్టి, మీ నాన్నగారి దగ్గర కూర్చుని ఆ రాత్రి గాలి ఎటు నుంచి కొట్టింది, కరెంటు ఎన్నాళ్లకు వచ్చింది, బియ్యం ఎక్కడ దొరికాయి, అన్నీ రాసుకోండి. ఆ తరం పెద్దవాళ్లు పోతే మనకు చెప్పేవాళ్లుండరు.

1999 నుంచి నేర్చుకున్న పాఠం 2013లో అక్కరకొచ్చింది. అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి, ఫైలిన్ నేరుగా గోపాలపూర్ మీదికే వచ్చింది. గాలి 200 కిలోమీటర్ల పైమాటే. అయినా చావులు కొద్ది పదుల్లోనే ఆగాయి. ముందే లక్షల మందిని తుఫాను షెల్టర్లకు, బడులకు, గట్టి భవనాలకు తరలించారు. పండగ పూట ఇల్లు వదిలి రమ్మంటే ఎవరికి మనసొప్పుతుంది? అయినా కదిలారు, కదిలించారు. ఆ పని చేసిన ఊరి ఉద్యోగులకు, కుర్రాళ్లకు నేనీ రోజుకీ దండం పెడతాను.

మర్నాటి బరంపురం ఇంకా కళ్లముందే ఉంది. మిగిలిన ఆకులు కూడా రెండు మూడు రోజుల్లో నిప్పు తగిలినట్టు మాడిపోయాయి. సముద్రపు ఉప్పునీటి తుంపర గాలితో వచ్చి ఆకుల మీద పడితే అంతే. ఛత్రపురం వైపు మొగలి తోటలు నేలమట్టమయ్యాయి. పువ్వు కోసి అత్తరు బట్టీలకు అమ్ముకునే కుటుంబాల ఆదాయం ఒక్క రాత్రిలో పోయింది. కొత్త మొక్క పూతకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

ప్రశ్న: అసలు దసరాకే ఎందుకొస్తాయి? (ఒక విద్యార్థిని, ఛత్రపురం)

వానాకాలంలో కింది గాలులు ఒకవైపు, పై గాలులు మరోవైపు బలంగా వీస్తాయి. ఆ లాగుడికి అల్పపీడనాలు పెద్ద తుఫాను స్థాయికి చేరడం అరుదమ్మా. అక్టోబరులో ఆ లాగుడు తగ్గుతుంది, బంగాళాఖాతం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. నవంబరుకి తుఫానుల దారి ఎక్కువగా దక్షిణానికి జరుగుతుంది. అన్నీ ఈ లెక్కకి లొంగవు. ఫణి 2019లో మే 3న పూరీ దగ్గరికి వచ్చింది.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. సముద్రం దూరం కదా, మాకెందుకు టెన్షన్ అని ఇంట్లో అంటారు. నిజమేనా? (ఒక గృహిణి)

కాదమ్మా. ఈ మాట అనేవాళ్లకు తిత్లీని గుర్తుచేయండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. నేల మీదికొచ్చాక వాయవ్యంగా వెళ్లి నీరసించాల్సిన తుఫాను, ఈశాన్యానికి తిరిగింది. అలా తిరగడం చాలా అరుదు. మన కొండల మీద కుండపోత కురిసింది. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు, సముద్రానికి చాలా దగ్గర. తడిగాలి ఆ కొండల్ని ఎక్కుతూ చల్లబడి అక్కడే కురుస్తుంది. మహేంద్రతనయ, బాహుదా పొడవు తక్కువ నదులు, కొండ మీద పడ్డ వాన గంటల్లోనే ఊళ్లోకి వచ్చేస్తుంది. బాహుదా ఇచ్ఛాపురాన్ని ముంచింది.

గజపతి జిల్లా బరఘర గ్రామంలో, ఇళ్లు కూలతాయన్న భయంతో జనం కొండ దగ్గర రాతి కింద తలదాచుకున్నారు. కొండచరియ విరిగి వాళ్ల మీదే పడింది. డజనుకు పైగా చనిపోయారు. ఒడిశాలో తిత్లీ తీసుకున్న ప్రాణాల్లో ఎక్కువ భాగం ఆ జిల్లావే. తీరాన్ని ఖాళీ చేయించడం నేర్చుకున్నాం, కొండ ఊళ్ల గురించి అంత శ్రద్ధ పెట్టలేదు. ఇది నాకు ఇప్పటికీ బాధే.

మీరు చేయాల్సింది: గాలి తగ్గిందని నిశ్చింతగా ఉండొద్దు, ఎగువన వాన ఎంతో కనుక్కోండి. కొండవాలున బంధువులుంటే, గెడ్డ నీళ్లు ఒక్కసారిగా బురదగా మారినా, నేల పగుళ్లిచ్చినా, చెట్లు ఒరిగినా వెంటనే అక్కణ్ణుంచి వచ్చేయమనండి. రాతి కింద మాత్రం దాక్కోవద్దనండి.

ప్రశ్న: మా తాత కెరటం చూసి తుఫాను చెప్పేవాడు. అది నమ్మొచ్చా? (ఒక నోలియా మత్స్యకార యువకుడు, గోపాలపూర్)

నమ్మొచ్చు బాబూ. తుఫాను పుట్టించిన కెరటం తుఫాను కంటే వేగంగా నడుస్తుంది. అందుకే గాలి లేని పూట కూడా పెద్ద పెద్ద కెరటాలు, మధ్యలో ఎడంతో, ఒడ్డుకి వస్తాయి. తాత చూసింది అదే. ఎప్పుడొస్తుందో, ఎక్కడ దాటుతుందో మాత్రం కెరటం చెప్పదు. వాతావరణ శాఖ హెచ్చరిక కూడా వినాలి. ఇంకొక్కటి: ఈశాన్యం నుంచి కొడుతున్న గాలి హఠాత్తుగా ఆగిపోతే, తుఫాను కన్ను మీ నెత్తిమీద ఉందన్నమాట. పడవ చూసుకోవడానికి షెల్టర్ దాటి వెళ్లొద్దు. కాసేపట్లో నైరుతి నుంచి అంతే బలంగా మళ్లీ కొడుతుంది. తాతగారు గుర్తుపట్టే ఇంకేమైనా ఉంటే రాసి పంపు. ఈ శీర్షికలోనే వేస్తాను.