రాట్ లివర్ న్యూక్లియస్‌లో వచ్చే లిపిడ్ అంతా పైపొరదేనా?

ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో ఎన్వలప్ (న్యూక్లియస్ పైపొర) కడిగేశాక కూడా, లిపిడ్లని విడదీసి మచ్చలుగా చూపే టీఎల్‌సీ ప్లేట్ మీద ఫాస్ఫాటిడిల్‌కోలిన్ అనే పొరల లిపిడ్ మచ్చ వస్తోంది, గైడ్ గారేమో అది పైపొర మిగులే అంటున్నారు, ఎవరిది కరెక్ట్ అని అడిగారు కదండీ. ఆయన అనుమానం న్యాయమైనదే గానీ న్యూక్లియస్ లోపల కూడా లిపిడ్ నిజంగానే ఉంటుంది.

నేను బెంగళూరులో పీహెచ్‌డీ చేసినప్పుడు ఈ పనే చేశాను, మా ల్యాబ్‌లో తెలుగు జూనియర్లూ ఇదే అడిగేవాళ్ళు. ముందు మీ ప్రిపరేషన్ ఎంత క్లీన్‌గా ఉందో చూడండి. 2.2 మోలార్ సుక్రోజ్‌లో సెంట్రిఫ్యూజ్ తిప్పడం 1956 నుంచి వాడుతున్న పద్ధతి, డీఎన్ఏ వల్ల న్యూక్లియై బరువుగా ఉండి అడుక్కి దిగుతాయి, మైటోకాండ్రియా, ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం, కణంలోని పొరల వల) ముక్కలు పైనే తేలిపోతాయి. కోల్డ్ రూమ్‌లో ఆ సుక్రోజ్ తేనెలా సాగుతుంది, పిపెట్‌లోకి తొందరపడి లాగితే వాల్యూమ్ తప్పుతుంది, నిదానంగా లాగండి. ఎలుకని ముందు రాత్రి పస్తు ఉంచకపోతే గ్లైకోజెన్ కూడా అడుక్కి చేరి న్యూక్లియైతో పాటు అద్దంలాంటి గడ్డ కడుతుంది.

ఆ తర్వాత చూడాల్సింది కార్డియోలిపిన్. ఆ లిపిడ్ మైటోకాండ్రియా సొత్తు, అయోడిన్ ఆవిరిలో ప్లేట్ పెట్టినప్పుడు ఆ మచ్చ గట్టిగా కనిపిస్తే మైటోకాండ్రియా కలిసిపోయినట్టే, మిగతా లెక్కలు నమ్మొద్దు. ఈఆర్ గుర్తుగా చూసే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ ఎంజైమ్ ఉంది కాబట్టి ఈఆర్ కలిసిపోయింది అని మాత్రం అనేయకండి, ఎన్వలప్ బయటి పొర ఈఆర్‌తో కలిసే ఉంటుంది, ఆ ఎంజైమ్ దాంట్లోనూ ఉంటుంది.

కార్డియోలిపిన్ లేకుండా, కడిగాక కూడా ఫాస్ఫాటిడిల్‌కోలిన్, స్ఫింగోమైలిన్, ఇనోసిటాల్ లిపిడ్లు మిగిలితే అవి న్యూక్లియస్ లోపలి క్రోమాటిన్ (ప్రోటీన్లతో చుట్టిన డీఎన్ఏ), మ్యాట్రిక్స్ (లోపలి చట్రం) లోవి అని వాదించడానికి మీకు బలం ఉంది. పిప్2 అనే ఇనోసిటాల్ లిపిడ్ అయితే స్ప్లైసింగ్ (ఆర్ఎన్ఏని కత్తిరించి అతికే పని) సరుకు ఉండే స్పెకిల్స్ అనే చుక్కల్లో కూడా దొరుకుతుంది. డిటర్జెంట్ లిపిడ్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరపగలదు కాబట్టి మైక్రోస్కోపీ కూడా జత చేస్తే గైడ్ గారు కాదనలేరు.

నాకు బాగా నచ్చేది కొవ్వు బొట్ల సంగతి. 2013లో రాట్ లివర్ న్యూక్లియై లోపలే లిపిడ్ డ్రాప్లెట్స్ చూపించారు. లివర్ కణం వీఎల్‌డీఎల్ (రక్తంలోకి పంపే కొవ్వు రేణువులు) కట్టడానికి ఈఆర్ లోపల పోగేసే కొవ్వు బొట్లు ఎన్వలప్ లోపలి పొర దాటి న్యూక్లియస్‌లోకి వస్తాయని తర్వాత తేలింది, ఫాస్ఫాటిడిల్‌కోలిన్ తయారీని నడిపే సీసీటీ ఆల్ఫా ఎంజైమ్ వాటి మీద కూడా అతుక్కుంటుంది. అందుకే కడిగిన న్యూక్లియైలో ట్రైగ్లిజరైడ్ కనబడితే వెంటనే కాంటామినేషన్ అని పారేయకండి, అదే శాంపిల్‌లో కార్డియోలిపిన్ ఉందో లేదో చూసి చెప్పండి.